విత్తనపు కాయ

శుక్రవారం సెలవు కావడంతో కువైట్‌లోని అహ్మదిలో కంపెనీ క్వార్టర్లు ఇంకా బద్ధకంగా పడుకునే ఉన్నాయి. గంగారత్నానికి మాత్రం సెలవూ లేదు, గిలవూ లేదు. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు బకెట్లో పోసుకుని పెరట్లోకి వచ్చింది. ఏప్రిల్ నెలాఖరు. ఇంకో నెల పోతే ఈ దేశపు ఎండకి ఒక్క మొక్కా మిగలదు. బంతి ఆఖరి పూత పూస్తోంది, గోంగూర ముదిరి పువ్వులేసింది. ఖర్జూరపు మట్టల పందిరి మీద ఆనపపాదు సగానికి సగం ఎండిపోయింది.

ఆ పాదు మీద ఉండాల్సిన కాయ లేదు. కత్తితో కోసిన తొడిమ మాత్రం వేలాడుతోంది. కాయకి గుర్తుగా తను కట్టిన పాత చీర పేలిక కింద ఇసుకలో పడి ఉంది.

కోనసీమలో పాదుకి ఒక కాయని విత్తనానికి వదిలేస్తారు. బాగా ఊరిన కాయని చూసి పేలిక కట్టారంటే ఇక దాని జోలికి ఇంట్లో ఎవరూ వెళ్ళరు. పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటారు గానీ విత్తనపు కాయ కొయ్యరు. ఈ గింజలు గంగారత్నానికి కాపురానికి వస్తున్నప్పుడు తల్లి కొంగున కట్టి ఇచ్చినవి. వాటిని ఈ నేలలో మొలిపించడానికి ఆమె పడని పాట్లు లేవు. ఇసుకలో గొర్రెల ఎరువు కలిపింది. తోట గొట్టంలో వచ్చే ఉప్పునీళ్ళకి నేల మీద తెల్లటి పొర కడుతుంటే గీకి గీకి పారబోసింది. దుమ్ముగాలి లేచినప్పుడల్లా మంచం మీది దుప్పట్లు తెచ్చి పందిరికి అడ్డం కట్టింది. మొదట వేసిన మొలకలన్నీ మాడిపోతే, మిగిలిన గుప్పెడు గింజల్తో మళ్ళీ మొదలుపెట్టింది.

బకెట్ అక్కడే దించేసి విసవిసా లోపలికి వచ్చింది. ఆమె భర్త వెంకటసత్యనారాయణ, కంపెనీలో పంపులు బాగుచేసే మనిషి, అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"ఏవండీ, ఆనపకాయ ఎవరు కోసేరు?"

"నేనే. నిన్న సాయంత్రం భీమేశ్వరరావు గారింట్లో ఇచ్చొచ్చేను," అన్నాడతను అద్దంలోంచి చూపు తిప్పకుండా. భీమేశ్వరరావు అతని పై అధికారి. పక్క వీధిలోనే ఉంటాడు.

"పేలిక కట్టిన కాయండీ అది!"

"తెల్సు."

"తెల్సా? తెలిసే కోసేరా? ఊరూ పేరూ తెలీనోడు కోసేడంటే పోన్లే పాపం అనుకుందును. అమలాపురం పక్కన పుట్టి, ఆనపపాదు కింద పెరిగి, మీరు కోస్తారా? ఆఫీసరు గారి మెప్పే కావాలంటే బజార్లో యాపిల్ పళ్ళు కొనుక్కెళ్ళకపోయేరా?"

"కాయే కదా రత్నం. పొద్దున్నే ఏంటీ గోల?"

'కాయే కదా' అన్న మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, వెనక నుంచి అతను పిలుస్తున్నా వినిపించుకోకుండా పక్క వీధికి బయల్దేరింది.

భీమేశ్వరరావు భార్య అచ్చాయమ్మ రాజోలు వైపు మనిషి. పెద్దావిడ, మనసులో ఏదీ దాగదు. గంగారత్నం మొహం చూడగానే నవ్వేసింది.

"నాకు తెల్సే నువ్వొస్తావని. నీ కాయ ఎక్కడికీ పోలేదు తల్లీ, ఇదిగో, బీరువా మీద భద్రంగా పెట్టేను. ఎండిపోయేక గింజలు తీసి చలికాలంలో మా పెరట్లో పెడతాను. మీరెల్లిపోయినా మీ పాదు ఇక్కడే ఉంటాది కదా అని మీ ఆయనే తెచ్చిచ్చేడు."

"మేం ఎల్లిపోడం ఏంటండీ పిన్నిగారూ?"

అచ్చాయమ్మ నవ్వు ఆగిపోయింది. "అదేంటే, నీకు చెప్పలేదా? సత్యనారాయణని సిటీ ఆఫీసుకి మార్చేరు కదా. అక్కడ క్వార్టరివ్వరు. నిన్నూ పిల్లనీ ఇండియా పంపించేస్తానని మా ఆయనతో చెప్పేడు. రేపు ఆఫీసు తెరవగానే ఈయన ఆ మాటే రాసి పైకి పంపించేస్తారంట."

గంగారత్నం మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"కాయ పట్టుకెళ్తావా మరి?" అంది అచ్చాయమ్మ ఏమనాలో తోచక.

"వద్దండి, ఉంచండి." కాయ సంగతి ఆమె అప్పుడే మర్చిపోయింది.

ఊరందరికీ తెలిసి, ఇంటిదానికి తెలియలేదు. పెళ్ళాం బాధపడుతుందని నిజం దాచే మగవాళ్ళు, అది పరాయింట్లో తెలిస్తే ఆమె ఇంకెంత బాధపడుతుందో ఆలోచించరు కాబోలు. గంగారత్నం ఇంటికొచ్చి, ఆడుకుంటున్న కూతురు అలివేలుని లోపలి గదిలోకి పంపి తలుపు వేసింది.

"మమ్మల్ని ఎప్పుడు పంపించేస్తున్నారు? అదైనా చెప్తారా, అదీ అచ్చాయమ్మ గారినే అడగాలా?"

వెంకటసత్యనారాయణ కుర్చీలో కూలబడ్డాడు. "చెప్దామనే అనుకున్నాను. నువ్వు తట్టుకోలేవని..."

"ఆ మాట అనకండి! ఆ మాట మళ్ళీ నా ముందు అనకండి! మా అమ్మకి జబ్బు చేసినప్పుడూ ఇదే మాట. మా అన్నయ్య మీ ఆఫీసుకి కబురు పంపిస్తే దాచేరు. దినవారాలన్నీ అయిపోయేక తీరిగ్గా చెప్పేరు. ఏంటండీ అంటే, నువ్వు తట్టుకోలేవని! ఏడవడానిక్కూడా మీ సెలవు కావాలా నాకు?"

"గట్టిగా అరవకు, పిల్ల వింటాది."

"విననీండి! దానిక్కూడా చెప్పలేదు కదా, ఇలాగైనా తెలుస్తాది!"

అంతవరకూ తల వంచుకున్న మనిషి ఒక్కసారిగా లేచాడు. "ఏం చెప్పమంటావు? సిటీలో నాకు దొరికేది ఒకే ఒక్క గది. వంటిల్లు ఇంకో సంసారంతో కలిపి. పిడికెడు మట్టి ఉండదక్కడ. పొద్దస్తమానం ఆ బకెట్ పట్టుకుని ఈ ఇసక చుట్టూ తిరుగుతావు. మొక్క లేకపోతే నువ్వు బతకలేవు. నిన్ను తీసుకెళ్ళి నాలుగ్గోడల మధ్య పడెయ్యమంటావా? ఇంటికెళ్తే కావల్సినంత పెరడుంటాదని అనుకున్నాను. తప్పా?"

గంగారత్నానికి కోపం పోలేదు సరికదా, ఇంకా పెరిగింది.

"నేను మొక్కల కోసం వచ్చేననుకున్నారా కువైట్‌కి?"

అతను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"తెల్లారకుండా బస్సెక్కి పోతారు. వచ్చేక అన్నం తిని పడుకుంటారు. పలకరించే మనిషి లేక పట్టుకున్నానండీ ఆ బకెట్టు! మొక్కలు లేకపోతే ఊరుకుంటాను. మీరు లేకుండా నేనూ, పిల్లా..." కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకుంది. "ఒక గదైతే ఒక గది. అడిగితే కదా చెప్పడానికి!"

"నువ్వూ ఎప్పుడూ చెప్పలేదు కదా రత్నం, నీకు తోచట్లేదని."

"మీరెప్పుడు అడిగేరు?"

అతను గోడ వైపు తిరిగి అన్నాడు. "నువ్వు తట్టుకోలేవని కాదే. నేనే తట్టుకోలేను. వచ్చే ఏటికని నువ్వు ఆ కాయకి పేలిక కడుతుంటే, వచ్చే ఏడు నువ్వుండవు కదా అనిపించింది. రోజూ అది కళ్ళబడుతుంటే ఉండలేక కోసి అవతల పెట్టేను."

అతని భుజాలు కదులుతున్నాయి. ఈ మధ్య అన్నం సగంలోనే లేచిపోతుంటే, వంటకి వంకలు పెడుతున్నాడని తను దెప్పిన సంగతి గంగారత్నానికి గుర్తొచ్చింది. తనకి చెప్పకుండా తనకోసం ఏడుస్తున్న మనిషి మీద జాలి కలిగింది. ఆ జాలికి తోడు కోపమూ అలాగే ఉంది.

"చొక్కా వేసుకోండి," అంది.

"ఎక్కడికి?"

"భీమేశ్వరరావు గారింటికి. రేపు రాసేస్తారంట కదా."

"నేనెళ్ళి చెప్పొస్తాలే, నువ్వుండు."

"ఉండను. మీరేం చెప్తారో నా చెవుల్తో నేను వినాలి."

అలివేలుని చెయ్యి పట్టుకుని ముగ్గురూ ఎండలో పక్క వీధికి నడిచారు. భీమేశ్వరరావు వరండాలో కూర్చుని ఉన్నాడు. వెనకాల గుమ్మంలోకి అచ్చాయమ్మ వచ్చి నిలబడింది.

"సార్, నిన్న మీకు ఒక మాట చెప్పేను," అన్నాడు వెంకటసత్యనారాయణ. "ఇంట్లో అడక్కుండా చెప్పేశాను. తప్పు నాదే. మా ఆవిడా పిల్లా నాతోనే ఉంటారు. కాగితంలో అలాగే రాయండి."

భీమేశ్వరరావు కళ్ళజోడు తీశాడు. "బాగానే ఉందయ్యా. కానీ పిల్లని పెట్టుకుని ఆ ఒక్క గదిలో ఉండగలదా మీ ఆవిడ? ఆలోచించుకునే చెప్తున్నావా?"

"ఆఁ, ఉంటాదండి, ఆవిడకేం..." అలవాటుగా అనబోయి వెంకటసత్యనారాయణ ఆగిపోయాడు. భార్య వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు రత్నం."

పొద్దుట్నుంచీ ఎక్కడా తడుముకోకుండా మాట్లాడిన మనిషికి ఒక్కసారిగా నోరు పెగల్లేదు. పెళ్ళయ్యాక అతని నోట 'నువ్వు చెప్పు' అన్న మాట వినడం ఆమెకి ఇదే మొదలు. కళ్ళు నిండిపోయి ఎదురుగా ఉన్న వాళ్ళెవరూ సరిగ్గా కనిపించలేదు.

"ఉంటామండి," అంది.