ఫీజు మార్చినదెవరు?

సుబ్బరాయ శవం తన ఆఫీసు షట్టర్ ముందే వెల్లకిలా పడి ఉంది.

తల కింద మెట్టు రాయి. రాతి మీద కొద్దిగా రక్తం. కుడికాలి చెప్పు ఊడి పక్కన పడింది. ఎడమ చేతిలో తాళంచెవులు అలాగే ఉన్నాయి. ఇనుప షట్టర్ సగం దిగి ఆగిపోయింది.

2014 జూలై 26, శనివారం. ఉదయం ఆరున్నర. ఆండర్సన్‌పేటలో రాత్రి మొదలైన తుంపర ఇంకా ఆగలేదు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఓబలప్ప జీపు దిగి ముందు గుంపును తిట్టాడు. తర్వాత వానను తిట్టాడు. సొంతూరు రాయల్పాడులో ఆయనవాళ్ళు మామిడి తోటలకు వాన లేదని తిట్టుకుంటారు. ఈయనకేమో ఆధారాలు కడిగేసిందని వానను తిట్టుకునే ఉద్యోగం దొరికింది.

జేబులో పర్సు ఉంది. మెడలో గొలుసు ఉంది. దొంగతనం కాదు. ఎవరో తోసేశారు, తల రాతికి తగిలింది. చూడగానే అలాగే అనిపించింది.

కుడి అరచేతిలో అడ్డంగా ఒక నల్లటి గీత కనిపించింది. ప్రింటర్ ఇంకు అయ్యుంటుందన్నాడు కానిస్టేబుల్. ఓబలప్ప సరేనని తలూపాడు. అలా తలూపినందుకు తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

గదిలోకి వెళ్ళి స్విచ్ వేస్తే లైటు వెలగలేదు. కంప్యూటర్ కూడా ఆన్ కాలేదు. వానకు కరెంటు పోయిందని చెప్పాడు బిల్డింగ్ ఓనర్ నంజుండప్ప. ఆయనకు వెనక షెడ్డులో దోసెపిండి వ్యాపారం. నాలుగు గ్రైండర్లు, ఒక ఫ్రీజర్. ఓబలప్పకు క్లయింట్ల పేర్లు కావాలి. అందుకని సీపీయూను స్టేషనుకు పంపించేశాడు. ఆ పని అయిపోయిందనుకున్నాడు.

శవాన్ని మొదట చూసింది పక్క గదిలో బట్టలు కుట్టే పిల్లమ్మ. ఆవిడ బల్బు కింద మిషను ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

"నిన్న రాత్రి గలాటా అయిండాది సార్, ఎనిమిదప్పుడు. ఫీజు గలాటా," అంది.

"ఏం విన్నావు? ఉన్నదున్నట్టు చెప్పు."

"'నన్నడగకుండా ఫీజు మార్చేదానికి నువ్వెవరు?' అని ఒకే అరుపులు. ఆమీట, 'ఫీజు పోతే పోనీ, మనిషి పోతే ఎవరు తెచ్చిస్తారు?' అని. నాకు భయమేసి మిషను మూసి ఇంటికి పోయినాను."

ఓబలప్ప ఆ రెండు మాటలూ డైరీలో రాసుకుని, కింద గీత గీశాడు. ఇంతకన్నా స్పష్టమైన బెదిరింపు ఏముంటుంది?

సుబ్బరాయ ఒకప్పుడు బంగారు గనిలో లెక్కల గుమాస్తా. 2001లో గని మూతపడింది. కార్మికులకిచ్చిన సెటిల్‌మెంట్ సొమ్ములో టాక్స్ కోసేశారు. అది తిరిగి ఎలా రాబట్టుకోవాలో వాళ్ళకు తెలియదు. సుబ్బరాయకు తెలుసు. అలా మొదలైంది ఆయన ప్రాక్టీసు. తండ్రుల తర్వాత కొడుకులు వచ్చారు. పొద్దున రైలెక్కి బెంగళూరుకు పోయి, రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగస్తులు. టాక్స్ రిటర్న్ వేయడానికి ఫీజు రెండు వందలు. పన్నెండేళ్ళుగా అదే.

ఈ సంవత్సరం ఐదు వందలు చేశాడు.

ఊరు ఊరంతా అదే మాట. బ్రౌజింగ్ సెంటర్‌లో వందకే వేసిస్తారని ఒకడన్నాడు. ఫోన్‌లో మనమే వేసుకోవచ్చని ఇంకొకడు. చాలామంది ఏమీ అనలేదు. రావడం మానేశారు, అంతే. దారిలో ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయారు. నోటీసొచ్చినప్పుడు అర్ధరాత్రైనా తలుపు కొట్టినవాళ్ళే వీళ్ళంతా.

ఎదురుపడి అడిగినవాడు ఒక్కడే, మారప్ప. బెంగళూరులో ఒక కంపెనీలో సూపర్‌వైజర్. తండ్రి గనిలో పనిచేశాడు, సుబ్బరాయకు మొట్టమొదటి క్లయింటు ఆయనే. మారప్ప వారం కిందట ఆఫీసుకొచ్చి నానా మాటలూ అన్నాడు. 'నీ ఆఫీసెట్లా నడుస్తాదో చూస్తాను' అని, రైల్లో తన బోగీలోవాళ్ళందరినీ ఇంకో చోటికి తీసుకుపోయాడు.

ఓబలప్ప సుబ్బరాయ ఇంటికి వెళ్ళాడు. భార్య వత్సల హైస్కూల్లో టీచరు. సీజనులో భర్త ఒక్కోసారి ఆఫీసులోనే పడుకునేవాడు, అందుకే రాత్రి వెతకలేదని చెప్పింది. ఆమె ఇంకా ఏడవలేదు.

"ఒకటి అడగతాను సార్, నిజం చెప్పాల."

"అడగమ్మా."

"ఫీజు పెంచమనింది నేను. ఆయనకు నోరు రాదు. పోతారే వత్సలా, అందరూ పోతారే అనేవాడు. పోతే పోనీ, సుమ్నే, ఊరికే ఎన్నాళ్ళు చేస్తావని నేనే పోరుపెట్టినాను. ఆఫీసు ముందుండే బోర్డు కూడా నా చేత్తోనే రాసినాను." "ఫీజు కోసరం చంపినారంటే, చంపింది నేనే గదా? అదొక్కటి తేల్చండి. శిక్ష ఎవురికి పడినా నాకక్కర్లేదు."

ఇరవై ఏళ్ళ సర్వీసులో చాలామంది నేరాన్ని ఎదుటివాడి మీదికి తోశారు. ఇలా తన మీదికి లాక్కున్న మనిషిని ఓబలప్ప చూడలేదు. తేలుస్తానమ్మా అని చెప్పి బయటికొచ్చాడు.

సాయంత్రానికి మారప్పను పట్టుకొచ్చారు.

"నిన్న ఆఫీసుకు పోయినావా?"

"పోయినాను సార్. ఏడింటికి. నా పాత కాయితాలు తెచ్చుకునేదానికి."

"గొడవ పడినావు."

"పోయిన వారం పడినాను. నిన్న లేదు. నిన్న సారు నాకు కాఫీ తెప్పించినాడు. యాడ తక్కువుంటే ఆడికి పోప్పా, తప్పులేకుండా వేసేవాడా కాదా చూసుకో అన్నాడు." మారప్ప తల దించుకున్నాడు. "తిట్టుంటే బాగుండు సార్."

ఓబలప్ప నమ్మలేదు. మారప్పను లాకప్‌లో పెట్టించాడు. బోగీ మొత్తాన్ని మళ్ళించినవాడికి ఒక మనిషిని తోయడం ఎంతసేపు?

ఆదివారం మధ్యాహ్నం పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టర్ ఫోన్ చేశాడు. తల గాయం వల్ల పోలేదట. మనిషి పడేసరికే ప్రాణం పోయింది. అరచేతిలోది ఇంకు కాదు, కాలిన గుర్తు. కరెంటు షాక్. టైము శుక్రవారం రాత్రి సుమారు పదకొండు.

షట్టర్!

ఓబలప్ప టెస్టర్ తీసుకుని పరిగెత్తినట్టే వెళ్ళాడు. షట్టర్‌కు పెట్టి చూశాడు. వెలగలేదు. ఫ్రేముకు పెట్టాడు. వెలగలేదు. ఉత్త ఇనుము. అందులో కరెంటు లేనే లేదు.

విసుగ్గా పక్కకు తిరిగాడు. పిల్లమ్మ బల్బు వేసుకుని జాకెట్టు కుడుతోంది.

"పిల్లమ్మా, శుక్రవారం రాత్రి పోయిన కరెంటు మళ్ళీ ఎప్పుడొచ్చింది?"

"కరెంటు పోనేలేదే సార్. తెల్లారి నేనొచ్చినప్పుడు కూడా ఉండింది."

ఓబలప్ప లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న ఇప్పుడు అడిగాడు.

"ఆ రాత్రి అరిచింది ఎవరి గొంతు?"

"సుబ్బరాయ సారుదే."

"మారప్పది కాదా?"

"ఇంగొకరి మాట నాకు వినపళ్ళేదు. గ్రైండర్ల మోత. అరిచింది మాత్రం సారే. మీరు అడగలేదు గదా."

ఫీజు పెట్టినవాడే సుబ్బరాయ. నన్నడగకుండా ఫీజు మార్చేదానికి నువ్వెవరని ఆయనే అరవడమేమిటి?

ఓబలప్ప లేచి వెనక వైపుకు వెళ్ళాడు. గోడకు మీటర్ బోర్డు. కాలువంతా తెల్లగా పారబోసిన పిండి, ముక్కు పగిలే పులుపు వాసన. షెడ్డులో ఫ్రీజర్ ఆగిపోయి ఉంది. ఆయన చాలాసేపు ఆ బోర్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం ఐదింటికి అందరినీ షట్టర్ ముందుకు పిలిపించాడు. వత్సల, మారప్ప, నంజుండప్ప, పిల్లమ్మ. కరెంటు ఆఫీసు నుంచి ఒక లైన్‌మ్యాన్.

"మారప్పా, ఫీజు అంటే ఏమి?"

మారప్ప బిక్కమొహం వేశాడు. "ఐదు వందలు సార్."

ఓబలప్ప లైన్‌మ్యాన్ వైపు తిరిగాడు. "నీకు?"

"బోర్డులో తీగ సార్."

నంజుండప్ప ఒక అడుగు వెనక్కు వేశాడు. కానిస్టేబుల్ ఆయన వెనక్కు వచ్చి నిలబడ్డాడు.

"ఊరంతా ఒక ఫీజు గురించే గొణుగుతావుంటే, మనకు ఇంగొక ఫీజు చెవికెక్కలేదు," అన్నాడు ఓబలప్ప. "నాకూ ఎక్కలేదు. సుబ్బరాయ అరిచింది క్లయింటు మీద కాదు. రూపాయి గురించి కాదు. నన్నడగకుండా ఫీజు మార్చినావేమని ఓనర్ని అడిగినాడు. ఫీజు పోతే పోనీ అంటే, ఆ తీగ కాలిపోతే పోనీ, మనిషి ప్రాణం పోకూడదని."

తర్వాత ఆయన వరసగా చెప్పుకొచ్చాడు. ఆఫీసు ముందు బోర్డు మీది బల్బుకు పోయే వైరు షట్టర్ ఫ్రేముకు రాసుకుని తోలు ఊడింది. వాన పడినప్పుడల్లా ఫీజు కాలిపోయేది. అది మంచికే, కరెంటు ఆగిపోయేది. కానీ నంజుండప్ప ఫ్రీజర్ కూడా ఆ ఫీజు మీదే ఉంది. ఫీజు పోయినప్పుడల్లా పిండి పులిసిపోయేది. ఆయన విసిగిపోయి సన్నతీగ తీసేసి లావు రాగితీగ చుట్టాడు. ఇక అది కాలదు. కరెంటు ఆగదు. షట్టర్‌లోనే ఉంటుంది.

శనివారం తెల్లవారుజామున పిండి ప్యాకెట్లకని వచ్చిన నంజుండప్ప శవాన్ని చూశాడు. ఎవరినీ లేపలేదు. రాగితీగ పీకి మళ్ళీ సన్నతీగ వేశాడు. అది వెంటనే కాలిపోయింది. అందుకే పక్క గదిలో బల్బు వెలుగుతున్నా ఈ గది చీకటిగా ఉంది. అందుకే టెస్టర్ వెలగలేదు. అందుకే పిండి కాలువ పాలైంది.

లైన్‌మ్యాన్ వెనక్కు వెళ్ళి రాగితీగ ముక్క పెట్టాడు. ఓబలప్ప అందరినీ దూరం జరగమని, టెస్టర్ షట్టర్‌కు ఆనించాడు.

ఎర్రగా వెలిగింది.

నంజుండప్ప మెట్టు మీద కూలబడిపోయాడు. చంపాలని కాదు సార్ అని గొణుగుతూనే ఉన్నాడు. కానిస్టేబుల్ ఆయన్ను జీపు దగ్గరికి నడిపించాడు. మారప్పను వదిలేశారు. అతను వత్సలకు చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

జీపు దగ్గర నంజుండప్ప ఓబలప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంగొక మాట సార్. రేపే ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాను, ఒక దినం గది మూసుకో అన్నాను. సారే వద్దన్నాడు. ఒక దినం షట్టర్ మూసుంటే, సుబ్బరాయ ఆఫీసు ఎత్తేసినాడని మిగిలిన నలుగురూ పోతారన్నాడు. ముప్పై ఒకటో తేదీ గడువు దాకా చెప్పులేసుకుని షట్టర్ దించుకుంటానన్నాడు. నేనూ సరే అన్నాను."

తడికి చెప్పు జారింది. ఓబలప్పకు కళ్ళ ముందు కనిపించింది.

ఆ మాట స్టేట్‌మెంట్‌లో రాయక తప్పదు. కానీ ఇప్పుడే, ఇక్కడే, ఆ తల్లికి చెప్పనక్కర్లేదనుకున్నాడు. వెనక్కు తిరిగేసరికి వత్సల దగ్గరికొచ్చింది.

"అయితే ఫీజు పెంచినందుకు కాదు గదా సార్?"

"కాదమ్మా."

ఆమె ఊపిరి వదిలింది. రెండు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖం కాస్త తేటపడింది. షట్టర్ వైపు చూసింది. చూస్తూ చూస్తూ మళ్ళీ ఆగిపోయింది.

"కరెంటు కొడుతుందని ఆయనకు తెలుసు గదా. ఒక దినం మూసుకుని ఉండొచ్చు గదా సార్?"

"నెలాఖరు కదమ్మా. పని ఎక్కువుండిందేమో."

"పని యాడుండాది సార్?" అంది వత్సల. "అందరూ పోయినారు గదా."

ఓబలప్పకు జవాబు తెలుసు. చెప్పకుండానే జీపెక్కాడు.