వెనక రేవులో పిలుపు

ఆ సరస్సు మధ్యలో ఉన్న దీవికి రెండు రేవులున్నాయి. ముందు రేవులో పగలంతా సందడే. వెనక రేవు పేరెత్తితే మాత్రం పడవవాళ్లు మాట మార్చేస్తారు. చీకటి పడ్డాక అటువైపు వల వెయ్యరు. దారి చుట్టయినా సరే, తిరిగే పోతారు.

రేవంటే రాతిమెట్లూ మండపమూ ఊహించుకునేరు, అదేం కాదు. తుంగ మధ్యలో నీళ్లలోకి వాలిన రెండు బండరాళ్లు, అంతే. ఆ రాళ్ల దగ్గర రాత్రిపూట ఒక సన్నని గొంతు "అమ్మా" అంటుందట. అన్నప్పుడల్లా నడుంలోతు నీళ్లలో ఒక లాంతరు వెలుగుతూ ఉంటుందట… చూశామన్నవాళ్లు ఒకరిద్దరు కాదు.

ఈ సంగతి నాకు చెప్పిన పిల్ల దెయ్యాల్ని నమ్మే రకం కాదు. బట్టల కొట్టులో పని. పొద్దస్తమానం నిలబడి చీరలు విప్పడం, కొనకుండా లేచి వెళ్లిపోయినవాళ్ల వెనక మళ్లీ మడతలు పెట్టడం. ఎలాగో సెలవు దొరికింది. ఆ దీవిలో ఒక ఇంటివాళ్లు గది అద్దెకిచ్చి, భోజనం పెడతారని విని, ఒక్క రాత్రయినా నీళ్ల చప్పుడు వింటూ పడుకుందామని బయల్దేరింది.

"ఎవరింటికమ్మా?" అన్నాడు పడవ నడిపేవాడు.

చెప్పింది.

"ఆ చివరింటికా! బంగారంలాంటి మనుషులు. కాకపోతే రాత్రి బయట్నించి ఎవరైనా పిలిస్తే పలక్కు."

"ఏం, పలికితే అద్దె పెంచుతారా?"

అతను నవ్వలేదు. "ఒక్కసారే పిలిస్తే పలక్కు. రెండోసారి పిలిచిందంటే మనిషే."

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఆ దీవిలో తాతల నాటి కట్టుబాటు అది. రాత్రిపూట నీళ్ల మీంచి పిలుపొస్తే వెంటనే లేవకూడదు. నీళ్లు మనవాళ్ల గొంతు అరువు తెచ్చుకుని పిలుస్తాయనీ, కానీ ఒక్కసారికి మించి పిలవలేవనీ వాళ్ల నమ్మకం. బతికున్న మనిషయితే మళ్లీ పిలుస్తాడు కదా, అప్పుడు లేవొచ్చు. వినడానికి సబబుగానే ఉంటుంది.

ఇంటావిడ గుమ్మంలోనే ఎదురొచ్చి సంచీ అందుకుంది. పిన్నీ అని పిలవబుద్ధేసే మొహం. వేడన్నం, చేపల కూర వడ్డిస్తూ, "మీ బాబాయికి జలుబు చేసి గొంతు పోయిందమ్మా. ఇన్నేళ్లకి ఇల్లు చల్లబడింది," అంది. ఆ ముసలాయన చెయ్యి ఊపి, నోరు తెరిచి ఏదో అనబోయాడు. గాలి తప్ప మాట రాలేదు. ముగ్గురూ నవ్వారు.

గోడకి ఒక పిల్ల ఫొటో ఉంది. రొట్టెల కొట్టువాళ్లిచ్చే తెల్ల టోపీ పెట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. మన బట్టల కొట్టు పిల్లది కూడా దాదాపు ఆ వయసే. ఎవరని అడగబోయి, ఆ ఫొటో మీంచి పిన్ని చూపు ఎలా తప్పుకుందో చూసి… ఊరుకుంది.

పడుకున్నాక చాలాసేపటికి తలుపు మీద గోటితో గీరిన చప్పుడు.

తీసి చూస్తే ముసలాయన. గొంతు బలవంతాన పెగల్చుకుని అన్నాడు.

"భయపడకమ్మా… నాతో వెనక రేవుకి రా. ఒక్క మాట సాయం."

తుంగలో కూర్చోబెట్టి, బొంగురుపోయిన గొంతుతో, ఊపిరి ఊపిరికీ ఆగుతూ చెప్పాడు.

వాళ్లకి ఒక్కతే కూతురు. అవతలి ఒడ్డున రొట్టెల కొట్టులో పని. రోజూ తన చిన్న పడవలో తనే వచ్చేది. ఒక రాత్రి గాలికి పడవ తిరగబడింది. ఈదుకుంటూ ఈ రాళ్ల దాకా వచ్చింది పిల్ల. వచ్చి… "అమ్మా" అని పిలిచింది.

"మీ పిన్ని లేచింది. నేనే చెయ్యి పట్టుకున్నాను. ఉండవే, రెండోసారి పిలవనీ అన్నాను."

తుంగ కదిలింది. గాలే.

"రెండోసారి పిలవడానికి దానికి ఓపిక లేదమ్మా. తెల్లారి వచ్చి చూస్తే… ఈ రాయి పట్టుకునే ఉంది."

ఆ తర్వాత ఆవిడకి నిద్ర లేదు. రాత్రంతా వచ్చి నీళ్లలో నిలబడేది. చూడలేక ఒకనాడు ఆయన ఇక్కడే నక్కి, గొంతు సన్నం చేసి "అమ్మా" అన్నాడు. ఆవిడ "వస్తున్నా తల్లీ" అని పలికింది. కాసేపు నిలబడి, ఇంటికెళ్లి నిద్రపోయింది. అప్పట్నించీ ప్రతి రాత్రీ అదే. పడవవాళ్లు చెప్పుకునే దెయ్యం ఇదే.

"ఒక్కసారి సంతకెళ్లి రాత్రికి అక్కడే ఆగిపోయాను. పిలుపు లేక పీకల్లోతుకి పోయిందట, పక్కింటివాళ్లు లాగారు. ఇవాళ నా గొంతు చూశావుగా… ఒక్కసారి పిలవమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను."

అంతలో లాంతరు వచ్చింది. పిన్ని కొంగు బిగించుకుని నీళ్లలోకి దిగింది. నడుం దాకా వచ్చి ఆగి, తల కాస్త వంచింది, వినడానికి.

ముసలాయన ఈ పిల్ల చెయ్యి నొక్కాడు.

"అమ్మా…"

లాంతరు జారి నీళ్లలో పడింది.

ఆవిడ రోజూలా పలకలేదు. ఒక్క కేక పెట్టి, పిలుపు వచ్చినవైపు కూడా కాదు, లోతుకి పోయింది. కూతురు పడవ తిరగబడినవైపు! చేతులతో నీళ్లు చీల్చుకుంటూ… ఛాతీ దాకా… భుజాల దాకా…

ఈ పిల్ల ఆలోచించలేదు, దూకేసింది. కానీ అందుకోవడానికి చాలా దూరం ఉంది.

అప్పుడు తుంగలోంచి ఇంకో పిలుపు. బొంగురుగా, చీలిపోతూ, ఏ ఆడపిల్లకీ ఉండని గొంతుతో…

"అమ్మా!"

ఆవిడ ఆగింది. నీళ్లు గడ్డం కింద ఆడుతున్నాయి. ఎంతసేపో అలాగే ఉంది. తర్వాత మెల్లగా ఇటు తిరిగి, "వస్తున్నా తల్లీ," అంది.

రాతి మీద కూర్చోబెట్టి వీపు రుద్దుతుంటే ఆవిడ వణుకు ఈ పిల్ల చేతుల్లోకి పాకింది. తుంగలో ఎవరూ లేరు. ముసలాయన పెరటి దోవన ఎప్పుడో జారుకున్నాడు.

"నువ్వా పిలిచింది?" గుసగుసగా అడిగింది పిన్ని.

"తప్పయిపోయింది పిన్నీ. బాబాయే…"

"తెలుసమ్మా. దూరాన్నించి పడవవాళ్లు మోసపోతారేమో గానీ, ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, ఆ గొంతు పోల్చుకోలేనా? మొదటి రాత్రే తెలుసు."

"మరి రోజూ ఎందుకు…"

"నేను పలక్కపోతే ఆయన ఇంటికి రాడు." ఆవిడ తడి కొంగు పిండుతోంది. నీళ్లు కారడం ఆగినా ఇంకా పిండుతోంది. "ఆ రాత్రి నా చెయ్యి పట్టుకున్నది తనే కదా. నేను పలికితేనే ఆ ఒక్క పూటకి నిద్రపోతాడు. సంతకెళ్లిన రోజు రాత్రయినా తిరిగి రాక, పిలుపూ వినపడకపోతే, ఈ నీళ్లలోనే కలిసిపోయాడేమోనని వెతుక్కుంటూ దిగాను."

పిన్ని కొంగు వదిలేసి ఈ పిల్ల వైపు తిరిగింది.

"ఇవాళ మాత్రం… ఆడపిల్ల గొంతు కదమ్మా. మా అమ్మాయే అనుకున్నాను. ఆయన్ని కూడా మర్చిపోయి పోయాను." ఈ పిల్ల మొహం తడిమింది, గుడ్డివాళ్లు తడిమినట్టు. "నాకు తెలుసని ఆయనతో అనకు."

ఇంటికొచ్చేసరికి ముసలాయన మంచం మీద గోడవైపు తిరిగి, గాఢనిద్రలో ఉన్నట్టు పడుకున్నాడు. పాదాల నిండా తుంగ బురద. పిన్ని ఒక పాతగుడ్డ తెచ్చి, ఆ పాదాలు చప్పుడు కాకుండా తుడిచింది. దుప్పటి కప్పింది. వీపు మీద చెయ్యి వేసింది.

"అమ్మాయి పిలిచిందయ్యా," అంది. "పలికాను. ఇక పడుకో."

దుప్పటి కింద ఆ వీపు కదలడం మొదలుపెట్టింది. ఆవిడ లాంతరు లేని ఆ చీకట్లో, అది ఆగేదాకా, చెయ్యి తియ్యకుండా కూర్చుంది.