లైట్లార్పిన మోరిస్ కారు

జమ్మలమడుగు దాటి ఎర్రగుంట్ల రోడ్డెక్కినాక, ఒక మలుపు కాడ పాడుబడిన నాపరాళ్ల షెడ్డు ఉండాది. పేరు అడిగితే ఎవరూ చెప్పరు. "ఆ మలుపు" అంటారు, అంతే. పొద్దు గూకినాక ఆడ బండి ఆపేవాడు లేడు. ఒకటికి వచ్చినా పండ్లు కరుచుకోని ఎర్రగుంట్ల దాకా పోవాల్సిందే.

ఎందుకంటే, ఆ మలుపులో ఒక కారు తిరుగుతాది. దానికి లైట్లుండవు. ఎప్పుడో ఎవరో పెండ్లికి పోతా, లైట్లు పోయినాయని కారును ఆడ పక్కకు నిలిపినారంట... వెనక నుంచి రాళ్ల లారీ వచ్చింది. ఆ కారు ఇంకా పెండ్లికి పోతానే ఉండాది, అంటారు.

ఇదంతా షబ్బీర్‌కు తెలుసు. బనగానపల్లెలో బండ్ల కరెంటు పని చేస్తాడు వాడు. తెలిసి తెలిసి ఆ రాత్రి అదే దావన పోయినాడు. తప్పలేదు.

తెల్లారితే కమలాపురంలో మేనమామ ఇంటికాడ వాళ్ల చెల్లెలు రుఖియా నిఖా. వాళ్ల నాయన ముప్పై ఏండ్లు మామిడితోటల గోపన్న ఇంట్లో పాత మోరిస్ కారు తోలినాడు. "నిన్ను ఈ కార్లోనే అత్తగారింటికి పంపిస్తా బిడ్డా" అని రుఖియాకు మాటిచ్చినాడు. మాట తీరకముందే, పోయిన రంజాన్ నెలలో, కన్ను మూసినాడు. ఆ మాట ఇప్పుడు షబ్బీర్ నెత్తిన ఉండాది.

గోపన్న కాదనలేదు. ఒక్క మెలిక పెట్టినాడు.

"తీస్కపో షబ్బీరూ. కానీ పాటల పెట్టె, ఫోన్ ఛార్జరు, ఈ కాలం లైట్లు, అన్నీ పనిచేసేట్లు చేసి తీస్కపో. దీనికి ఏది తగిలిచ్చినా కాలిపోతాండాది."

"కాలదా మరి. ఇప్పటి బండ్లకు బ్యాటరీ మైనస్‌ను బాడీకి కట్టింటారు గోపన్నా. నీ బండికి ప్లస్‌ను కట్టినారు. పుట్టుకతోనే తిరకాసుది."

"అయితే తిప్పు."

"తిప్పుతాలే. బండినైతే తిప్పొచ్చు, నిన్నే తిప్పలేం."

పొద్దున్నుంచి అదే పని. బ్యాటరీ తిప్పినాడు. కాయిల్ వైర్లు అటువి ఇటు వేసినాడు. అందరూ మర్చిపోయేది, బ్యాటరీని నింపే డైనమో. దానికీ కొత్త దిక్కు నేర్పాల. వైరు ముక్కతో చుర్రుమని ఒక్కసారి తగిలిచ్చినాడు, నేర్చుకునింది. ఇంజన్ స్టార్ట్ చేస్తే కరెంటు మీటర్లో ముల్లు కదిలింది. ఎటు కదిలిందో చూడలేదు. ఫోన్ మోగుతాండాది.

"భయ్యా, బయల్దేరినావా? నువ్వు రావని మామ ఆటో మాట్లాడిపెట్టినాడు."

"ఆటోవానికి బిర్యానీ పెట్టి పంపియ్. తెల్లారుజామున ఫజర్ నమాజుకు ముందే ఆడుంటా."

రాత్రి పదకొండున్నర. కోవెలకుంట్ల దాటింది. జమ్మలమడుగు దాటింది. అప్పుడు చూసినాడు మీటరు పక్క.

ముల్లు మైనస్ వైపు వాలిండాది.

అంటే డైనమో పనిచేయడంల్యా... ఉన్న బ్యాటరీ ఖాళీ అయితాంది. అది అయిపోతే ఇంజన్ నిలబడిపోతాది. యాడ? ఆ మలుపు ఇంకా మూడు కిలోమీటర్లే.

వెన్నెల ఉండాది. రోడ్డు కనపడతాంది. లైట్లు ఆర్పితే కొంచెం కరెంటన్నా మిగులుతాది. ఆర్పినాడు.

లైట్లు ఆర్పితే ముల్లు మధ్యకు రావాల. రాలేదు... ఇంకా కిందికి దిగింది.

పాటల పెట్టె ఆపినాడు. ఛార్జరు పెరికినాడు. ముల్లు ఇంకా దిగింది. వెనక సీట్లో ఎవరో కూచోని కరెంటు తాగుతాన్నట్లు. తిరిగి చూసేకి ధైర్యం చాలలేదు.

మలుపు వచ్చింది. రెండు పక్కలా నాపరాళ్లు గోడల మాదిరి పేర్చిండాయి. ఇంజన్ చప్పుడు వాటికి తగిలి వెనక్కి వస్తాంది — ఇంకో బండి వెంట పడినట్లు. షబ్బీర్ యాక్సిలరేటర్ మీద కాలు తీసినాడు. ముందు చప్పుడు తగ్గింది. వెనక చప్పుడు... కొంచెం ఆగి తగ్గింది.

రాళ్లే, అనుకున్నాడు.

అప్పుడే రోడ్డు పక్కన తెల్లగా లేచింది. తల లేదు. చేతులు లేవు. ఒక్క కేక పెట్టి చేన్లోకి పడింది. వాడు కారు తోలినాడో, కారే వాన్ని ఈడ్చుకపోయిందో — ఎర్రగుంట్ల స్టేషన్ కాడ, నాగక్క టీ అంగడి ముందర ఆగింది.

"ఏమప్పా, లైట్లు లేకుండా వస్తాండావు?" అనింది నాగక్క.

ఇంజన్ ఆపి, వెలగవులే అనుకుంటానే స్విచ్ నొక్కినాడు. అంగడి గోడ మీద వెలుతురు పట్టపగలు మాదిరి పడింది. ముల్లు చూసినాడు. ప్లస్ వైపు పోయిండాది.

ఇంజన్ ఆగినాక ఛార్జింగ్ యాడ నుంచి వస్తాది?

పొద్దున తిప్పిన వైర్లన్నీ ఒక్కొక్కటే లెక్క పెట్టుకోని, నుదురు కొట్టుకున్నాడు. అన్నీ తిప్పినాడు. మీటరు వైర్లు తిప్పలేదు. దావ పొడుగునా బ్యాటరీ నిండుతాంటే, ఖాళీ అయితాందని చూపిచ్చింది ముల్లు.

బ్యాటరీ వైరు ఊడదీసి, డాష్‌బోర్డు కింద చేయి పెట్టి మీటరు వైర్లు రెండూ అటువి ఇటు మార్చి, మళ్లీ బిగిచ్చినాడు. టీ గ్లాసు పట్టుకున్నాడో లేదో, మోపెడ్ మీద ఒకాయన వచ్చినాడు. తల మీద నుంచి కాళ్ల దాకా తెల్ల దుప్పటి.

"నాగక్కా... నీళ్లు."

"ఏమాయ ఓబుళేశా? మోటరు వేసేకి పోయినావు కదా చేనికి."

"పోయినా... చూసినా. ఆ కారును."

షబ్బీర్‌కు నవ్వు ఆగలేదు. "అన్నా, అది నేనే. ఇదే కారు. నీ దుప్పటి చూసి నాకూ చెమటలు పట్టె."

ఓబుళేశు బానెట్ మీద చేయి పెట్టి చూసినాడు. వేడిగా ఉండాది. వానికీ నవ్వు వచ్చింది. "నా పాణం తీస్తివి కదప్పా..." అని, కారు వెనక్కి తొంగి చూసి, అట్లే ఆగిపోయినాడు.

"అయితే దీని ఎనకాలే వచ్చిన దాంట్లో ఎవరు?" గొంతు తగ్గిచ్చినాడు.

"ఎనకాలా?"

"ఆనుకోనే వచ్చె కదా ఇంకొకటి... దానికీ లైట్లు లేవు. పూలు కట్టిండారు."

నాగక్క స్టవ్ తగ్గిచ్చింది.

షబ్బీర్ ఫోన్ మోగింది. "వస్తాండా రుఖియా," అన్నాడు, అంతే. కారెక్కి, లోపలి అద్దాన్ని పైకప్పు వైపు తిప్పి, లైట్లు వేసుకోని పోయినాడు.

రుఖియా ఆ కార్లోనే అత్తగారింటికి పోయింది. నాయన మాట నిలబడింది. కానీ మామ పూలదండలు తెచ్చి బానెట్ మీద వేయబోతే, షబ్బీర్ చేయి అడ్డం పెట్టినాడు. ఒక్క మూర కూడా కట్టనీలేదు.