ఊఁ కొట్టిన గోడ

గోడలకి చెవులుంటాయని మన పెద్దవాళ్ళు చెప్పారు. బాగానే ఉంది. నోరు కూడా ఉంటుందని మాత్రం ఒక్కరూ చెప్పి చావలేదు.

ఆ సందు మలుపులో, వీధిదీపం ఎప్పుడూ వెలగని చోట, ఒక మేడ ఉంది. పగలు చూస్తే ఏమీ లేదు. గేటుకి పాల సంచి వేలాడుతుంటుంది, దండెం మీద బట్టలు ఆరుతుంటాయి. చీకటిపడితే మాత్రం ఆ పక్క ఎవరూ నడవరు. కుక్కని తిప్పడానికి బయల్దేరిన మొనగాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి కుక్క కంటే ముందు పరిగెడతారు.

ఎందుకంటే... మొదట సందులో అనుకున్నది ఇదీ. పై గదిలో దీపం ఉండదు. కిటికీ ఓరగా తెరిచి ఉంటుంది. లోపల ఎవరో ఆడమనిషి ఏడుస్తుంటుంది. ఏడిచి, ఏడిచి... ఆగుతుంది. అప్పుడు ఇంకేదో — గోడలోంచి — గొణుగుతుంది.

నమ్మకపోతే మీ ఇష్టం. ఒకసారి అటు వెళ్ళొచ్చి అప్పుడు నాతో మాట్లాడండి.

ఈ సంగతి బయటపెట్టినవాడు బ్యాటరీ. బ్యాటరీ అంటే మనిషే! ఇళ్ళలో సినిమా గదులకి స్పీకర్లు బిగించడం వాడి పని. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టార్చిలైటు బ్యాటరీ ఉంటుంది. గోడలో దాచిన వైరు ఏ స్పీకరుకి పోయిందో తెలియకపోతే, వైరు కొసలు రెండూ దానికి తాకిస్తాడు. ఏ స్పీకరు 'టక్' మంటే వైరు దానిదన్నమాట. కన్నతల్లి తప్ప అందరూ వాణ్ణి బ్యాటరీ అనే పిలుస్తారు.

ఆ మేడ వాడి సొంత అక్కది.

బావ సినిమా పిచ్చోడు. ఇల్లు కట్టేటప్పుడే పై గదిలో నాలుగు గోడలకీ స్పీకర్లు, వాటన్నిటినీ మోగించే మిషనూ పెట్టించాడు. మోకాళ్ళు పట్టేసి పైకి ఎక్కలేని తల్లి కోసం, కింద ఆవిడ మంచం తలవైపు కూడా ఒకటి పెట్టించాడు. పైన సినిమా నడుస్తుంటే ఆవిడ కింద పడుకుని పాటలూ మాటలూ వినేది. ఒకరోజు రాత్రి ఆ పై గదిలోనే, సినిమా మోగుతుండగానే, అతని గుండె ఆగిపోయింది. తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు.

శవం పక్కన కూర్చుని అత్తగారు కోడల్ని ఒక్కటే మాట అడిగింది. "మొగుడు పైన ప్రాణం పోతూ పిలిస్తే... నీకు వినిపించనే లేదుటే?"

అంతే. ఆ మాటతో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. హాలుకి అటు గదిలో ఒకరు, ఇటు గదిలో ఒకరు. ఎడమొహం, పెడమొహం. తప్పనిసరైతే గోడకి చెప్పేవాళ్ళు. "గ్యాసు అయిపోయింది" అని అత్తగారు ఈ గోడకి చెప్తే, "రేపొస్తుంది" అని కోడలు ఆ గోడకి చెప్పేది.

నెల తిరక్కుండా అక్క తమ్ముణ్ణి పిలిచి, "ఆ మిషన్ తీసుకుపోరా, నా కళ్ళకి కనిపించకూడదు" అంది. వాడు తీసుకుపోయాడు. గోడల్లో బిగించిన స్పీకర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత చెమ్మ పట్టిందని మిషన్ ఉండే గోడకి మళ్ళీ పూత పూయించారు, రంగు వేయించారు. వైర్లు ఎక్కడున్నాయో ఆనవాలు కూడా లేకుండా పోయింది.

సరిగ్గా ఆ తర్వాతే సందుకి చెడ్డపేరు వచ్చింది.

ఏడాది గడిచింది. ఒక సాయంత్రం అక్క ఫోను చేసింది. నాలుగు రోజుల కిందట మెట్ల మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది, పిండికట్టు వేశారు. బ్యాటరీ పళ్ళు పట్టుకుని పరిగెత్తాడు. అక్క పళ్ళ వంక చూడనే లేదు.

"నీ పనిముట్లేవిరా?"

"కాలు విరిగితే పనిముట్లెందుకే? డాక్టరు అతికించాడుగా."

"నవ్వకు." చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "పై గదిలో వెనక గోడకి స్పీకరుంది చూడు... దాని వైరు ఎక్కడుందో వెతికి, నా మంచం దాకా లాగు."

"మిషనే లేదు. వైరు లాగి ఏం వింటావ్?"

"మీ బావని."

బ్యాటరీ చేతిలో పళ్ళ సంచీ కింద పెట్టేశాడు.

"రోజూ రాత్రి మాట్లాడతార్రా. దీపం తీసేసి దానికి చెవి ఆనించి కూర్చుంటాను. మాటలు తెలియవు... గొణుగుడు. నేను ఏడిస్తే ఆగుతారు. వింటారు. నేను ఆపగానే మళ్ళీ మొదలుపెడతారు." దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంటోంది. "ఇప్పుడు మెట్లెక్కలేను. ఇన్ని రాత్రులైంది, నేను రాలేదని ఏమనుకుంటున్నారో!"

దీనికి మతి పోయిందే అనుకున్నాడు వాడు. సరే, ఒకసారి పైకి వెళ్ళి ఏమీ లేదని చూపిస్తే పోతుందని మర్నాడు పనయ్యాక సంచీ తగిలించుకుని వచ్చాడు. అప్పటికే బాగా పొద్దుపోయింది.

పై గదిలో బల్బు మాడిపోయి ఉంది. ఫోను లైటు వేశాడు. బావ కూర్చునే సోఫా... కూర్చున్న చోట గుంట ఇంకా అలాగే ఉంది. వాడు దాని వైపు వీపు పెట్టలేక, పక్కకి తిరిగి పని మొదలెట్టాడు.

వెనక గోడ స్పీకరు మరలు విప్పాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. వైరు ఎర్రదీ నల్లదీ దానికే అతుక్కుని గోడలోకి పోయింది. అలవాటుగా జేబులో బ్యాటరీ తీసి ఆ అతుకు దగ్గరే తాకించాడు.

టక్.

ఒళ్ళో స్పీకరు అది. మంచిదే, పనిచేస్తోంది. కానీ దాని వెనకాలే... ఎక్కడో కింద, ఇంటి కడుపులోంచి... ఇంకొకటి.

టక్.

వాడి చెయ్యి గాల్లోనే ఆగింది. ఒక్కటి రావాలి. రెండొచ్చాయేంటి?

అప్పుడు — ఒళ్ళో ఉన్న ఆ స్పీకరు — మిషన్ లేని, కరెంటు లేని ఆ స్పీకరు —

"వచ్చావా..."



"ఇన్ని రోజులు... ఏమైపోయావురా..."

గోడలోంచి ఊడదీసినందుకో ఏమో మాట తెలుస్తోంది, ఆడో మగో మాత్రం తెలియని గొంతు. రేకు డబ్బాలోంచి వచ్చినట్టు సన్నగా ఉంది. వాడు దాన్ని విసిరేసి గుమ్మం దాకా ఒక్క గెంతు గెంతాడు. అక్కడినుంచి సరాసరి ఇంటికే పోయేవాడు, వాడే ఒప్పుకున్నాడు. కానీ కింద మంచం మీంచి అక్క కేక వినిపించింది. "ఏరా, దొరికిందా?" ఆ కేకలో ఎంత ఆశ ఉందంటే, వాడు గుమ్మం దాటలేకపోయాడు.

వెనక్కి వచ్చాడు. ఇదివరకు మిషన్ ఉండే గోడని వేలి కణుపులతో తట్టుకుంటూ పోయాడు. గట్టి... గట్టి... గట్టి... డొల్ల. అక్కడ పూత గీరాడు. లోపల చిన్న పెట్టె. పెట్టెలో వైర్ల జతలు, నల్ల టేపు చుట్టి ఉన్నాయి.

టేపు చివర చిన్న మడత.

ఆ మడత చూడగానే భయం పోయింది. భయం కంటే పెద్దదేదో వచ్చి కూర్చుంది. మళ్ళీ విప్పేటప్పుడు గోరుకి దొరకాలని టేపు చివర అలా మడత పెట్టేది వాడొక్కడే. గోడలో వైరు కొసలు విడిగా వదిలేయడం వాడికి పనికిరాదు. రెండేసి జతలు కలిపి, ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు మెలేసి టేపు చుట్టేస్తాడు. ఏ ఇంట్లో మిషన్ విప్పినా అంతే. చేతులు చేసేస్తాయి, తలకి చెప్పవు. ఇక్కడా అలాగే చేసి పోయాడు. ఒక జత ఈ వెనక గోడకి పోయింది. దాంతో కలిసిన రెండోది... కిందకి పోయింది.

చెప్పులు విప్పి, పిల్లిలా మెట్లు దిగి, అత్తగారి గది తలుపు సందులోంచి చూశాడు. పెద్దావిడ మంచం మీద లేచి కూర్చుని ఉంది. తలవైపు గోడమీది స్పీకరుకి మొహం ఆనించి, రహస్యంగా...

"టక్కుమన్నావు... మళ్ళీ పలకవేంరా?"

ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. స్పీకరు మాట్లాడుతుంది, అది అందరికీ తెలుసు. దాని మొహమ్మీద మాట్లాడితే అది వింటుంది కూడా. రెండింటిని కలిపితే, మధ్యలో మిషన్ లేకపోయినా ఇక్కడి మాట సన్నగా అక్కడికి పోతుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలకి దారం కట్టి ఆడుకున్న ఫోనే ఇది. కోడలు పైన ఏడిస్తే అత్తగారికి కొడుకు మూలుగు. అత్తగారు కింద గొణిగితే కోడలికి మొగుడి మాట. ఏడాదిపాటు పగలు మొహాలు చూసుకోని ఇద్దరూ, రాత్రిళ్ళు తెల్లవార్లూ మాట్లాడుకుంటున్నారు!

బ్యాటరీ వచ్చి అక్క మంచం దగ్గర నిలబడ్డాడు. నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు.

"వైరు పాడైపోయిందే అక్కా. ఎలకలు కొరికేశాయి" అన్నాడు.

అక్క మొహంలో రక్తం లేదు. "ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఆ గోడ ఒక్కటేరా. అదీ తీసేస్తే... నేనెందుకు, చెప్పు?"

పోనీలే, మాటలు తెలియకుండా చేస్తే సరి, ఆ గొణుగుడే వింటూ బతకనీ అనుకున్నాడు. పైకెళ్ళి, పెట్టెలో కొత్త వైరు కలిపి, మెట్ల పక్కగా దించి, గుమ్మం మూల గోడలో దాచి, మంచం దాకా తెచ్చాడు. అతుకు మాత్రం కావాలనే వదులుగా వేద్దామనుకున్నాడు. వదులుగా వేస్తే మాట సరిగ్గా రాదు, గుట్టు గుట్టుగానే ఉంటుంది. కానీ పాడు చేతులు! ఇన్నేళ్ళూ ఒక్క చెడ్డ అతుకు వేసి ఎరగవు. పాత రాగికి పట్టిన చిలుము గీకేశాయి, కొత్త తీగ గట్టిగా మెలేశాయి, సీసం కరిగించి పోసేశాయి. టేపు చివర మడత కూడా పెట్టేశాయి.

ఆ వెనక గోడ స్పీకరే తెచ్చి అక్క తలగడ మీద పెట్టాడు. దీపం తీసేశారు. అక్క దాని మీదకి ఒరిగి, "ఏమండీ..." అంది, ఊపిరి కంటే మెల్లిగా.

కాసేపు ఏమీ లేదు. తర్వాత...

"ఉన్నావట్రా? ఇవాళ గొంతు దగ్గరగా ఉందిరా. అన్నం తిన్నావా?"

తేటగా, పక్కనే కూర్చుని మాట్లాడినట్టు వినిపించింది.

అక్క కదల్లేదు. చీకట్లో వాడికి ఆవిడ కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. చాలాసేపటికి చేత్తో స్పీకరు మొహం మూసింది.

"ఇది... అత్తయ్య."

"ఊఁ."

"మరి నేను ఏడిస్తే ఆగి విన్నది?"

"ఆవిడే అక్కా. నీ ఏడుపు వాళ్ళబ్బాయిదనుకుంది."

"మరి మీ బావ?"

"లేడే..." అన్నాడు వాడు. "బావ లేడు."

అక్క ఏడవలేదు. ఏడిస్తే బాగుండును అనిపించింది వాడికి. సంచీలోంచి వైరు కత్తెర తీశాడు. ఆవిడ వాడి మణికట్టు పట్టుకుంది. స్పీకరు మీది చెయ్యి జారింది, లోపలి గొంతు మళ్ళీ పైకొచ్చింది.

"...పలకవేంరా? కోపమా? ఉండదూ మరి... ఆ రాత్రి నువ్వు అమ్మా అని పిలిచావు. నాకు వినిపించిందిరా. సినిమాలో ఎవరో పిలుస్తున్నారనుకుని... అటు తిరిగి పడుకున్నాను." కాసేపు ఎగఊపిరి. "నేను విని ఊరుకున్నాను. వినని దాన్ని పట్టుకుని తెల్లారి అంత మాటన్నాను. ఆ నింద నేను మొయ్యలేక దాని నెత్తిన పెట్టానురా. రోజూ చెప్తూనే ఉన్నాను, నువ్వు మూలుగుతావే గానీ పలకవు... క్షమించానని ఒక్కసారి అనరా. ఒక్క ఊఁ అన్నా చాలు, పోతాను."

బ్యాటరీ అక్క వైపు చూశాడు. ఏడాది పాటు మోసిన నింద అది. హాలు దాటితే అత్తగారి గది. తలుపు తట్టి అడిగెయ్యొచ్చు, కడిగెయ్యొచ్చు. ఊతకర్ర గోడకి ఆనించే ఉంది. అక్క దాని వంక చూసింది కూడా. కానీ ఆ తలుపు తడితే, పెద్దావిడకి కొడుకు ఈ రాత్రే మళ్ళీ చచ్చిపోతాడు. అది ఎలా ఉంటుందో అక్కకి ఇప్పుడే తెలిసింది.

అతుకు బాగా కుదిరింది. మాట అంటే గొంతు దొరికిపోతుంది. అందుకని అక్క స్పీకరు మీదకి వంగి, పెదాలు బిగించి, లోపల్నుంచి, మగవాడిలా...

"ఊఁ..."

అవతలనుంచి ముసలి ఏడుపు వినిపించింది, చిన్నపిల్ల ఏడ్చినట్టు. "నా తండ్రే... రేపు కూడా వస్తావుగా?"

"ఊఁ."

ఏడుపు సన్నగిల్లి, నిద్రలో కలిసేదాకా అక్క అలాగే వంగి ఉంది. తర్వాత స్పీకర్ని గోడవైపు తిప్పేసింది.

వైరు కత్తిరించలేదు. ఇప్పటికీ అలాగే ఉంది. పగలు ఆ ఇంట్లో గ్యాసు సంగతి ఇంకా గోడకే చెప్పుకుంటారు. సందులో జనం ఇంకా అటు పక్కన నడవరు. పై గదిలో ఏడుపు ఆగిపోయిందిగానీ, ఇప్పుడు కింద గదిలో మగగొంతు మూలుగుతోందని కొత్త కథ పుట్టింది.

ఆ రాత్రి సంచీ సర్దుకుని బయల్దేరుతుంటే అక్క పిలిచిందట.

"ఒరేయ్. ఆవిడకి నేను ఊఁ అంటాను సరే... మరి నాకెవరంటార్రా?"

బ్యాటరీ జేబులో చెయ్యి పెట్టి, ఆ టార్చి బ్యాటరీని పట్టుకుని, గుమ్మంలోంచి వెనక్కి వచ్చి అక్క మంచం పక్కన కూర్చున్నాడు.