తాతగారి తిమింగలం దంతం

వేణుగోపాలరావు పెద్ద కంపెనీలో ఇంజనీరు. దయ్యాల్ని నమ్మనని పదిమందిలో చెప్పుకునే మనిషి. ఆ సాయంత్రం మాత్రం ఆ గల్ఫ్ నగరంలోని అల్ మన్సూరా పేటలో డిటెక్టివ్ తహెరున్నీసా ఆఫీసుకొచ్చి, ఇచ్చిన చాయ్ ముట్టుకోకుండా చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"మా అమ్మ వాళ్ళ తాత ఫిజీలో తెల్లదొరల చెరకుతోటలో కూలీగా చేశారండి. అక్కడి ఆదివాసుల పెద్ద ఆయనకో తిమింగలం దంతం ఇచ్చాడు. అందులో వాళ్ళ పూర్వీకుల ఆత్మలుంటాయంటారు. దాన్ని అమ్ముదామనుకున్నాం. అప్పట్నించీ పొద్దున్నే దాని అల్మారా ముందు చెక్కబల్ల మీద పళ్ళెంలో ఒక అరటిపండూ బెల్లం ముక్కా కనబడుతున్నాయి. నిన్న దంతమే మాయమైంది."

"అనుమానం ఎవరి మీద?"

"లితియా మీద. అమ్మని చూసుకునే నర్సు. ఫిజీ పిల్లే. అమ్మితే ఆత్మలు ఊరుకోవని మాతో అంది కూడా. రేపు పోలీసులకి కంప్లైంట్ ఇస్తాను. అమ్మకి మాత్రం ఏమీ చెప్పలేదు, బీపీ."

కేసు పడితే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, అది తేలేదాకా దేశం దాటి ఇంటికి వెళ్ళడానికీ ఉండదు. ఆ మాట తలుచుకుని అసిస్టెంటు అపూర్వ, తహెరున్నీసా మేడం వైపు చూసింది. బ్యాంకు ఉద్యోగం వదిలి ఈవిడ దగ్గర చేరినందుకు అపూర్వ ఒక్కరోజూ చింతించలేదు.

"రేపటిదాక ఆగుండ్రి. పోదాం పాండ్రి," అంది తహెరున్నీసా.

మదీనత్ ఖలీఫాలోని రావు వాళ్ళ విల్లాలో నిన్నటి పళ్ళెం, ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేక, చెక్కబల్ల మీద అలాగే ఉంది. అరటిపండు కొస కాస్త గిల్లి ఉంది. పళ్ళెం చుట్టూ నీళ్ళు ఆరిన తెల్లటి గీత. అపూర్వ రెండూ చూసింది. తమ ఇంట్లో రోజూ చూసేవే కాబట్టి పట్టించుకోలేదు.

కొనేవాణ్ణి కుదిర్చింది రావు తమ్ముడు బాబీ. "నేనే దొంగనైతే బేరమెందుకు తెస్తానండీ?" అన్నాడు విసుగ్గా.

లితియా కళ్ళు వాచి ఉన్నాయి. "మీ ఊళ్ళో పెద్దల ఆత్మలకి ఎలా మొక్కుతారు?" అని తహెరున్నీసా ఇంగ్లీషులో అడిగింది. కావా వేరు కలిపిన నీళ్ళు పోస్తామని, దోసిలి గుల్లచేసి చప్పట్లు కొడతామని చెప్పిందా పిల్ల. పండు పెట్టే పద్ధతి తనకి తెలియదంది.

రావు తల్లి అనంతలక్ష్మిని మాత్రం, కొడుకు పక్కనుండగానే, తాతగారి గురించే అడిగింది తహెరున్నీసా.

"దొర కొరడా దెబ్బలకి తాళలేక తోటలోంచి పారిపోయాడమ్మా. ఆ ఊరివాళ్ళు పట్టి మళ్ళీ దొరకే అప్పగించారు. తర్వాత వాళ్ళ పెద్ద సిగ్గుపడి, ఆ దంతం రెండు చేతులా పట్టుకొచ్చి క్షమించమన్నాట్ట. తీసుకుంటే క్షమించినట్టేనట. తాత తీసుకున్నాడు. అది అమ్ముకునే వస్తువా చెప్పు?"

తహెరున్నీసా అందర్నీ హాల్లోకి పిలిచింది.

"సార్, మీరు పోయి తానం చేసి రండి."

రావు తెల్లబోయాడు. "స్నానమెందుకండీ?"

"దంతం ఉన్న జాగ తానం చెయ్యకుండ ముట్టేది కాదు. అందుకే మీ వెతుకులాటల ఎవ్వరు అటు పోలే. నేను గూడ ముట్ట." ఆవిడ పళ్ళెం చూపించింది. "అమ్ముకుందామని ఎత్తుకపోయేటోడు దానికి పండు పెడ్తడా? కాబట్టి బాబీ కాదు. లితియా అయితే కావా పోసేది. ఇగో, ఈ పండు కొస గిల్లిన్రు. చుట్టూ నీళ్ళు తిప్పిన్రు. మా నిజామాబాద్ల పక్కింటి అత్తమ్మ నైవేద్యం ఇట్లనే పెడ్తుండె. ఆత్మ ఏ దేశందైనా, మనిషి తనకొచ్చిన తీరుగనే మొక్కుతడు. మీ పూజగది చూడుండ్రి సార్. లేకుంటె రేపు ఈ పిల్లను పోలీసులు తీస్కపోతరు."

అపూర్వకి ఒళ్ళు పులకరించింది. కళ్ళెదుటే ఉన్నా తనకి కనబడలేదు, ఈవిడకి కనబడింది.

"పోలీసులేంటి?" అనంతలక్ష్మి కొడుకుని చూసింది. "ఈ పిల్లనా?"

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచి పూజగదిలోకి వెళ్ళి, ఇత్తడి చెంబులోంచి పసుపుపచ్చని దంతం తీసుకొచ్చింది.

"అమ్మొద్దంటే నా మాట ఎవరు విన్నారు? అందుకే దాచాను. ఈ పిల్ల మీదకొస్తుందని తెలిస్తే నిన్ననే ఇచ్చేద్దును." దాన్ని రావు చేతుల్లో పెట్టింది. "తాతని దొరకి పట్టిచ్చినవాళ్ళకీ నీకూ ఏంట్రా తేడా? వాళ్ళు సిగ్గుపడ్డారు. ఇదెందుకిస్తారో విన్నావుగా."

బాబీ ఫోను మోగింది. కొనేవాడే. బాబీ దాన్ని ఆపేశాడు.

రావు లితియా ముందుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, దంతాన్ని రెండు చేతులా చాచాడు.

లితియా అతన్ని చూసింది. తర్వాత దంతం తీసుకుంది.