ముక్కు మీద వేలు

"రోజూ ఇదే పనా మీకు?"

తలుపు తోసుకుని వచ్చిన ఎదుటి కుట్టుషాపు అమ్మాయి చేతిలో కత్తెర ఇంకా అలాగే ఉంది. కళ్లజోళ్ల షాపు అబ్బాయి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏం పనండీ?"

"మీ ముక్కు ముట్టుకోవడం, నా వైపు వేలు చూపించడం! మళ్లీ ముక్కు, మళ్లీ నేను! నా ముక్కు పొడుగైతే మీకేం నష్టం?"

అతను నిజంగానే ఆ ముక్కు వైపు చూశాడు. ఆ సమయంలో చూడకూడదని ఎవరైనా చెబుతారు.

"బాగుంది," అన్నాడు నోరు జారి.

"వెక్కిరించింది చాలక పొగడ్తలు కూడానా?"

"అయ్యో, మీ ముక్కు కాదండీ! నాకు నేను చేసుకునే టెస్టు. ముక్కు ముట్టుకుని, షాపు ముందరి గాజు అద్దంలో కనిపించే నా బొమ్మకి వేలు చూపిస్తాను, సూటిగా వెళ్తోందా, తడబడుతోందా అని. అద్దానికి అవతల మీరున్నారని గమనించలేదు."

బయట వాన పట్టుకుంది. గొడుగు లేకుండా దెబ్బలాటకు వచ్చిన మనిషికి కూర్చోక తప్పలేదు.

అతను మాత్రం నిలవలేక అటూ ఇటూ తిరుగుతూనే చెప్పాడు. వాళ్ల నాన్నకు అటాక్సియా. చిన్నమెదడు మెల్లగా దెబ్బతినే జబ్బు. మొదట నడక తూలింది, చూసినవాళ్లు తాగాడనుకున్నారు. తర్వాత మాట ముద్దయింది. ఇప్పుడు చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేడు. వాళ్లింట్లో ఉన్న రకానికి, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి పాడైన జీన్ వస్తే చాలు. వచ్చే అవకాశం సగానికి సగం.

"బ్లడ్ టెస్టు ఉంటుందిగా?"

"ఉంది."

"చేయించుకున్నారా?"

"ముక్కు ముట్టుకుంటున్నాను."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి రప్పించినందుకు అతని మీద ఒళ్లు మండింది.

వాన తగ్గింది కానీ ఆ రోజు మొదలైన రాకపోకలు తగ్గలేదు. గుండీల బదులు ప్రెస్ బటన్లు పెట్టి అతని నాన్నగారికి ఆమె చొక్కాలు కుట్టింది. ఇవ్వడానికి ఇంటికెళ్తే అతను గుమ్మంలోనే అడ్డుపడ్డాడు.

"నా సంగతి తేలేదాకా మీరు మా ఇంటికి రాకండి."

"తేల్చుకోరు, నన్ను పొమ్మంటారు! ఇదేం పద్ధతండీ?"

లోపల గోడ పట్టుకుని నిలబడిన నాన్న ఒక్కో మాటా కూడదీసుకున్నాడు. "వీడు... నడవడం మానేసి... నడక చూసుకుంటున్నాడమ్మా."

"నాన్నా, మీరుండండి!"

"ఆయన మీదెందుకు అరుస్తారు?" అందామె. "టెస్టు చేయించుకోవడం, మానడం మీ ఇష్టం. నేనంటే ఇష్టమో కాదో అది మాత్రం చెప్పండి."

"ఇష్టమే! అదే కదా నా బాధ. రేపు నాకూ వస్తే?"

"మీ చొక్కాలూ కుడతాను."

"పిల్లలో?"

"అది డాక్టర్ని అడుగుదాం. ముందు పెళ్లి సంగతి నన్నడగండి."

అడగడానికి అతను ఒకడుగు ముందుకు వేశాడు. చెయ్యి చాచాడు. వేళ్లు వణికాయి. మొహం పాలిపోయింది.

"చూశారా! మొదలైంది!"

ఆమె తన చెయ్యి పక్కనే పెట్టి చూపించింది. అది ఇంకాస్త ఎక్కువగానే వణుకుతోంది.

"మరి నాకేం జబ్బంటారు?"

అతను నాన్న వైపు చూశాడు. ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"అదీ... నా దగ్గర్నుంచే... వచ్చిందిరా. మీ అమ్మనడిగిన రోజు... నాకూ... ఇలాగే వణికింది."