కడిగిన సూదులు

తొమ్మిదో ప్రశ్న దగ్గర తబస్సుమ్ మళ్లీ ఆగిపోయింది. ఎదుటి కుర్చీలో కూర్చున్న ఛాయ రెప్ప వేయకుండా ఆమెకేసి చూస్తోంది. ఛాయకు ఓపిక ఎక్కువ. సాధన కోసం చేసిన బొమ్మే తప్ప మనిషి కాదు కాబట్టి దానికి విసుగూ రాదు, లేచి వెళ్లిపోవాలనీ అనిపించదు.

"వాడిన సూది మరొకరికి ఇచ్చారా అని అడగాలి," చెవిలో అందించింది నికష, పాఠం చెప్పి మార్కులు వేసే యంత్రం. "మూడు సెకన్ల ఆలస్యం. రెండు మార్కులు తగ్గాయి."

తబస్సుమ్ అడిగింది. ఛాయ "లేదు" అంది. సాధన ముగిసింది.

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నూకరత్నం నవ్వు ఆపుకుంది. యాభై ఆరేళ్ల మనిషి. పదకొండేళ్లు మత్తుసూదే లోకంగా బతికి, బయటపడి, ఇంకా బయటపడనివాళ్లకు జబ్బు అంటకుండా కాపాడే పనివాళ్లను పంతొమ్మిదేళ్లుగా తయారుచేస్తోంది. ఎడమ జబ్బలో చర్మం కింద ఏడాదిబిళ్ల ఉంది. దాని పుణ్యమా అని ఆమె నెత్తుట్లోని హెచ్ఐవీ వైరస్ ఏ యంత్రానికీ దొరకనంతగా అణగిపోయింది. విశాఖ రేవు వార్డులో ఒకటో నంబరు శిక్షకురాలి పలక ఆమెది. అది మెడలో లేకుండా వీధిలోకి అడుగు పెట్టదు. గర్వమే. చచ్చి బతికిన మనిషికి ఆపాటి గర్వం ఉంటే ఎవరికి నష్టం?

"మనుసుల్ని ఇలా అడిగితే తన్నడానికొత్తారే పిల్లా," అంది. "పద, అసలు పరీచ్చ ఇయ్యాలే."

ఇద్దరూ సముద్రపు గోడ వెంబడి, మత్తుసూది వాడేవాళ్లు తలదాచుకునే ఏడో షెడ్డు వైపు నడిచారు. పొద్దున పదిగంటల ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తబస్సుమ్ భుజానికి పరికరాల సంచి, కాలరుకు నికష గుండీ. ఆ షెడ్డు పక్క వీధిలోనే పుట్టి పెరిగిన పిల్ల. పక్క వీధి సంగతి మనకు తెలియకపోవడం పెద్ద వింతేమీ కాదు గాని, తెలుసుకుందామని వచ్చింది, అదే నయం.

రేవు వార్డులో నాలుగు నెలల్లో పదకొండు కొత్త హెచ్ఐవీ కేసులు వచ్చాయి. రాకూడనివి. ఒంటిసూది ఒక్కసారి వాడితే నిమిషానికి తనంతట తానే బిగుసుకుపోతుంది, ఇంకొకరికి ఇద్దామన్నా పనికిరాదు. వాడినదాన్ని మారుగూట్లో వేస్తే కొత్తది బయటికి వస్తుంది. ఎన్ని సూదులు వెళ్తున్నాయో అన్నీ తిరిగి వస్తున్నాయి. అయినా జబ్బు పాకుతోంది. ఎక్కడో పాత సూదులు దాచుకుని అబద్ధం చెబుతున్నారని నికష తేల్చేసింది. ఇవాళ్టి పరీక్షలోనూ వేరే కారణం కనబడకపోతే ఏడో షెడ్డు ముందున్న మారుగూడు ఎత్తేస్తారు. గూడు పోతే మళ్లీ పాతకాలమే, ఒకే సూది ఆరుగురికి. నూకరత్నానికి ఆ కాలం బాగా తెలుసు. ఆనాటి ఆరుగురిలో మిగిలింది తనొక్కతే.

షెడ్డు గుమ్మంలో గంగరాజు ఎదురొచ్చాడు. ఒకప్పుడు రేవులో క్రేను నడిపినవాడు. క్రేనులు తమంతట తాము నడవడం మొదలుపెట్టాక ఇతనికి నడిచే దారి లేకుండా పోయింది.

"రాప్పా, రా," అన్నాడు నూకరత్నాన్ని చూసి, సొంత అక్కను పిలిచినట్టు.

"నానేటీ మాటాడకూడదురా ఇయ్యాల. ఈ పాపకి పరీచ్చ," అని ఆమె గుమ్మం పక్కనే నిలబడిపోయింది.

"అయితే కూకోండి మేడంగారూ. నిలబడి అడిగితే పోలీసోల్లు అడిగినట్టుంటాది."

కూర్చోకూడదు, వాళ్లిచ్చినవి ముట్టకూడదు. పాఠంలో ఉంది. తబస్సుమ్ ఒక్క క్షణం తటపటాయించి, తిరగేసిన పెట్టె మీద కూర్చుంది. ఐదు మార్కులు పోయాయి. గంగరాజు టీ పోసి ఇచ్చాడు. తాగింది. మరో ఐదు పోయాయి. నూకరత్నం మొహం పక్కకు తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

ప్రశ్నలు ఒకటొకటిగా సాగి తొమ్మిదో దానికి వచ్చాయి.

"లేదమ్మా. నా సూది ఒకలికియ్యలేదు, ఒకలిది నేను తీసుకోలేదు. ఒట్టు," అన్నాడు గంగరాజు.

"స్వరంలో తేడా లేదు," అంది నికష. "నిజంలా వినిపించేట్టు అబద్ధం చెప్పే అలవాటు. పరీక్ష ముగించండి."

తబస్సుమ్ లేచింది. ఎంగిలి గ్లాసు ఎదుటివాళ్ల చేత కడిగించడం వాళ్లింటి పద్ధతి కాదు. మూలన అల్యూమినియం గిన్నెలో నీళ్లు కనబడితే అటు వెళ్లి వంగింది.

"అందులో కాదమ్మా!" గంగరాజు గబుక్కున అడ్డం వచ్చాడు. "అది సూదులు కడిగే గిన్నె. తాగే గలాసు అందులో పెడతారేటి?"

తబస్సుమ్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. చెవిలో నికష ముగించమంటూనే ఉంది.

"వాడి పడేసే సూది కదా అన్నా. దాన్ని కడగడం ఎందుకు?"

"కడక్కపోతే గూడు తీసుకోదు గదమ్మా. నెత్తురు మరక కనబడిందంటే ఎనక్కి తోసేత్తాది. మరి కొత్తది ఎలాగొత్తాది? అందుకే బిగుసుకుపోకముందే, ఆ నిమిషంలోనే, గబగబా కడిగేత్తాం."

"అందరూ ఈ గిన్నెలోనేనా?"

"మరెన్ని గిన్నెలు పెడతాం? నీటిచీటీకి మనిసికి రోజుకి ఏడు లీటర్లు. బావుల్నిండా ఉప్పునీల్లాయె. పొద్దున పోసినవి సాయంత్రం దాకా అవే."

తబస్సుమ్ గొంతు తగ్గించింది. "మరి మత్తుమందు కలుపుకునే నీళ్లెక్కడివి?"

గంగరాజు జవాబు చెప్పబోయి గిన్నెకేసి చూశాడు. ఆ చూపు అక్కడే అతుక్కుపోయింది.

"ఇందులోయేనమ్మా. పైన తేటగానే ఉంటాయి గదా అని..." అన్నాడు. కుడిచెయ్యి తనకు తెలియకుండానే ఎడమ మోచేతిని పట్టుకుంది.

"పాఠంలో లేని ప్రశ్నలు మూడు," ఈసారి గుండీలోంచి అందరికీ వినబడేలా అంది నికష. "నలభై ఒక్క మార్కులు. అభ్యర్థిని ఉత్తీర్ణురాలు కాలేదు. పాఠంలో లేని సమాధానాలు నివేదికలో చేరవు."

గుమ్మం పక్కన నూకరత్నం చెయ్యి మెడలోని పలక మీదికి వెళ్లింది. కడిగి ఇవ్వమన్న నాలుగో పాఠం ఎక్కడిదో ఈ వార్డులో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. తొమ్మిదేళ్ల కిందట, తెచ్చినవాటిని చేత్తో అందుకునే పనివాళ్లు భయపడుతుంటే తానే కూర్చుని రాసింది. అప్పట్లో వీధి కుళాయిల్లో ధారగా నీళ్లు వచ్చేవి, ఎవరిది వాళ్లు పంపు కింద కడుక్కునేవారు. తర్వాత సముద్రం ముందుకొచ్చింది, ఈ ఏడాది కుళాయిలూ ఎండిపోయాయి. పాఠం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ పాఠాన్నే చదివి మారుగూడు మరకలు చూడ్డం నేర్చింది. కంచే చేను మేసింది. ఆ కంచె నాటిన చెయ్యి తనదే.

ఇప్పుడు నోరు విప్పకపోతే ఆమెకేమీ కాదు. తబస్సుమ్ తప్పినట్టే, గూడు ఎత్తేసినట్టే, మెడలో పలక భద్రం.

"గంగరాజూ," అంది. "కడిగియ్యమని నీకు సెప్పిందెవర్రా?"

"నువ్వే గదప్పా," అన్నాడు గంగరాజు అమాయకంగా. "మర్సిపోనావేటి? ఇచ్చే సేతికీ తీసుకునే సేతికీ మర్యాద అన్నావు. ఒక్క రోజు తప్పలేదప్పా మేము. జరమొచ్చినా కడిగే ఇచ్చినాం."

నూకరత్నానికి ఏడుపు వచ్చేసింది. దాచుకోలేదు. వీళ్లు అబద్ధమాడలేదు. తన మాట పొల్లుపోకుండా విన్నారు. విన్నందుకే పదకొండు మంది మునిగారు. కాసేపు అలాగే ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, మెడలోంచి పలక తీసి తబస్సుమ్ కాలరు ముందు పట్టుకుంది.

"నికషా. నాలుగో పాఠం రద్దు చేత్తన్నాను. రాసింది నేను. తప్పు నాది."

"రచయితకు ఆ హక్కు ఉంది," అంది నికష. "రద్దు చేస్తే దాని మీద ఆధారపడ్డ పలకలన్నీ చెల్లవు. మొదట చెల్లనిది మీది. దాని మీద కట్టిన మిగతా పాఠాలూ, తీరం పొడవునా పరీక్షలూ అన్నీ ఆగిపోతాయి. ఖాయమేనా?"

"ఖాయమే."

చేతిలో పలక మీది వెలుగు ఆరిపోయింది. నూకరత్నం దాన్ని పెట్టె మీద పడేసి, తిన్నగా మూలకు వెళ్లి, గిన్నె ఎత్తి నీళ్లు గుమ్మం బయట ఇసుకలో పారబోసింది.

"ఒలప్పో! నీల్లు!" గంగరాజు కేక పెట్టాడు.

"పోనీరా. పేనాల కంటేనా?"

బయట మారుగూడు కూడా నోరు తెరిచి ఊరుకుంది. మరక చూడమనే పాఠం ఇప్పుడు దానికి లేదు. తబస్సుమ్ సంచిలోంచి ఎర్రడబ్బా తీసి గూడు తెరిచిన నోట్లో పెట్టింది. కడగనక్కర్లేదు, నెత్తురు ఉన్నది ఉన్నట్టే ఇందులో వేయండని గట్టిగా చెప్పింది. గాయాలు కడగడానికి తెచ్చిన మూతబుడ్డి నీళ్లు మనిషికొకటి చొప్పున పంచింది. షెడ్డులోంచి ఒకరు వచ్చారు, ఇద్దరు వచ్చారు, కాసేపటికి వరస గోడ దాకా పెరిగింది. సూది డబ్బాలో పడ్డ ప్రతిసారీ గూడు ఒక కొత్త సూదిని మారు మాట్లాడకుండా ఇచ్చేస్తోంది.

గంగరాజు వేలు చాపాడు. తబస్సుమ్ నెత్తుటిచుక్క తీసి పరీక్షపట్టీ మీద వేసింది. ముగ్గురూ వంగి చూశారు. ఒకటే గీత.

"లేదు!" అంది తబస్సుమ్, ఇంచుమించు అరిచినట్టే. "నీకు లేదన్నా! నివారణ బిళ్లలు ఇవాళ్టి నుంచే వేసుకోవాలి. మూడు నెలలకు మళ్లీ చూద్దాం."

గంగరాజు నూకరత్నం రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఊపేశాడు. పన్నెండో కేసు ఇతనిది కాదు. ఇక పన్నెండోది రాకుండా ఏం చేయాలో కూడా తెలిసింది. పలక లేని మెడతో నూకరత్నం తల ఎత్తి నిలబడింది. పంతొమ్మిదేళ్లలో ఇంత గర్వం ఆమెకు ఎన్నడూ కలగలేదు.

అప్పుడు గుండీ చిన్నగా మోగింది. పొద్దుటి నుంచీ మాటలు అందిస్తూ వచ్చిన నికష ఇంతసేపూ మూగపోయి ఉంది. తీరం పొడవునా ప్రతి శిక్షణ గదిలోనూ ఛాయల ముందు కూర్చున్నవాళ్ల చెవుల్లో అదే మౌనం.

"పాఠం లేదు," అంది. "తర్వాతి ప్రశ్న నా దగ్గర లేదు. దయచేసి మీరు చెప్పండి."

తబస్సుమ్ నూకరత్నం వైపు చూసింది.

"నన్ను సూత్తావేటే? నీకు తెలుసు, సెప్పు," అంది నూకరత్నం.

వరసలో తర్వాతి మనిషి వంగిన నడుముతో ముసలామె. తబస్సుమ్ పెట్టెను ఆమె వైపు జరిపి, తాను ఇసుకలో చతికిలబడింది.

"రాసుకో నికషా," అంది. "మొదటి ప్రశ్న. 'మీ పక్కన కూర్చోవచ్చా?'"